ఏరేసిన పదకొండు

ఆ పొద్దు ఆకాశం వానను కురిపించనూ లేదు, వెంట తీసుకొని పోనూ లేదు. తడిసిన గోనెపట్టాను ఎవరో పైన ఆరేసి మరిచిపోయినట్టు, ఏటి దిక్కు నుంచి వచ్చిన మబ్బు ధరూరు పొలాల మీద కిందికి వేలాడుతూ ఒక చుక్క విడుస్తుంది, కాసేపు ఊరుకుంటుంది, గాలి తిరగగానే ఇంకో చుక్క విడుస్తుంది. కృష్ణయ్య గడపలో నిలబడి అరచెయ్యి బయటికి చాపాడు. ఆరు చుక్కలు లెక్కపెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చేను దగ్గరికి పోనియ్యని వాన ఇది. సీడు పత్తిలో క్రాసింగు రోజులు. నిన్న సాయంత్రం పదిమంది ఆడవాళ్లు సాలు సాలూ తిరిగి, ఆడచెట్ల మీద తెల్లారితే విచ్చుకోబోయే మొగ్గలన్నిటినీ గోటితో చీల్చి, లోపలి పుప్పొడి గిల్లి పారేసి, ఒక్కొక్క దానికి ఎర్ర కాగితం తొడిగి వచ్చారు. ఇప్పుడు మగచెట్ల పూలు కోసుకొనిపోయి, ఒక్కొక్క కాగితం తీసి, ఆ పుప్పొడి దీనికి రాయాలి. చుక్క తగిలిన పుప్పొడి చెడిపోతుంది. ఆలస్యం చేస్తేనేమో మధ్యాహ్నానికి మొగ్గలు ఎదురుచూసి ఎదురుచూసి వాడిపోతాయి. నాలుగు వేల మొగ్గలు, ఎర్ర టోపీలు పెట్టుకొని, ఆ తుంపరలో.

కూలి ఆడవాళ్లకు పెద్దదిక్కు హన్మమ్మ యూరియా సంచి నెత్తిన కప్పుకొని వాకిట్లోకి వచ్చింది.

"కిష్టన్నా, చేనికి పోదమా, ఇండ్లల్లనే కూసుందమా? ఏదో ఒకటి నోరిడిచి చెప్పరాదు!"

ఆయన మబ్బు వైపు చూపు ఎత్తి, దించాడు.

"మబ్బునన్న అడగొచ్చు గని ఈ మనిషిని అడగొద్దమ్మా," అని నవ్వుకుంటూ, ఎండ పొడిస్తే కబురు పెట్టమని చెప్పి వెళ్లిపోయింది.

గడపలో నుంచి వెనక్కి తిరిగితే లోపల ఇంకొక ఎదురుచూపు. మందు కొట్టే డబ్బా, విత్తనాల సంచులు, మూలకు పలుగు పార, వాటి నడుమ బల్ల మీద కంప్యూటరు, దాని ముందు కూతురు పద్మజ. తల స్నానం చేసి వచ్చింది, జుట్టుకు చుట్టిన తువ్వాల ఇంకా విప్పలేదు. గద్వాలలో ఎంసీఏ చదువుతోంది. ఈ రోజు పదకొండింటికి బయటి నుంచి పరీక్ష పెట్టేవాళ్లు వస్తున్నారు, తాను చేసినదాన్ని వాళ్ల ముందు నడిపించి చూపాలి. పోయినసారి వాళ్ల ముందు అది సగంలో ఆగిపోయింది. ఈసారీ ఆగితే ఇంకో ఏడాది పోతుంది. ఎనిమిదింటికి కరెంటు పోతుంది, ఎనిమిదిన్నరకు పక్క చేను చోటే మియా ఆమెను దింపడానికి మోటారుసైకిలు తెస్తానన్నాడు. గోడ గడియారం ఏడు దాటింది. పద్మజ తెరవైపు వంగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, "ముప్పై ఆరేంది? నలబై ఏడుండాలె గద," అంటోంది. కృష్ణయ్య విత్తనాల సంచి మీద మెల్లగా కూర్చున్నాడు. ఆ తక్కువపడిన పదకొండు ఏమయ్యాయో ఈ లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు.

అరగంట కింద ఆయన ఒక పని చేశాడు. మంచి పని అనుకొనే చేశాడు. స్నానానికి పోతూ పద్మజ, "నాయినా, జర ఈడ కూసో, కరెంటు పోతే పిలువు," అన్నది. కూర్చున్నాడు. తెర మీద పట్టిక ఉంది, తెలుగులోనే. రైతు పేరు, ఊరు, ఎకరాలు, ఆడసాళ్లు, మగసాళ్లు, విత్తిన తేదీ, క్రాసింగు తేదీ. సీడు రైతుల చేన్లన్నీ రాసుకునే లెక్క అది, కూతురు తన చదువు కోసం తమ బతుకునే తీసుకుంది. ఏడో తరగతి చదువుకున్న మనిషి, ఒక్కొక్క గీత చదవసాగాడు. మూడు గీతలు నున్నగా పోయాయి. నాలుగోదాని దగ్గర చూపు తట్టుకుంది, పాదానికి కంకర తగిలినట్టు. హన్మంతు, బల్మూరు, ఎకరాలు రెండు, ఆ రెండుకు ముందు ఒక అడ్డగీత. ఉన్న నేలకన్నా రెండెకరాలు తక్కువ నేల ఏ మనిషికి ఉంటుంది? కిందికి పోయాడు. ఫిబ్రవరి ముప్పైన విత్తిన చేను. ఆడసాలు ఒక్కటీ లేకుండా నాలుగు వందల మగసాళ్లు. విత్తకముందే క్రాసింగు చేసిన మున్నీబీ. చంద్రుడు అనే ఊర్లో పత్తి. ఇరవై ఏళ్లుగా ఆయన కళ్లు చేసిన పని ఒక్కటే, వరుసలో నడుస్తూ తన జాతి కాని చెట్టును పట్టడం, పట్టినదాన్ని వేరుతో పీకడం. రేపు పీకుదామని ఏనాడూ వదలలేదు. రేపటికి అది పూస్తుంది, తేనెటీగ వాలుతుంది, చేనంతా కల్తీ అవుతుంది. ప్రతి గీత చివర 'తీసెయ్' అని ఉంది. ఎలుకబొమ్మ లాంటి దాన్ని కదిపి నొక్కడం కూతురే నేర్పింది. నొక్కాడు. గీత మాయమైంది. నొక్కాడు. చేతికి ఏదో హాయి. పదకొండు ఏరేసి, పట్టిక పైనుంచి కిందికి ఇంకోసారి చూసుకొని, శుభ్రమైంది అనుకున్నాడు. బిడ్డ చూస్తే సంతోషపడుతుంది అనుకున్నాడు. అడిగితే తప్ప చెప్పడం ఆయనకు అలవాటు లేదు, చెప్పలేదు.

నొక్కిన ప్రతిసారీ పక్కనున్న నల్లటి చిన్న కిటికీలో ఒక తెల్ల గీత పుట్టడం చూశాడు. ఎవరు ఏం అడిగారో అది రాసిపెట్టుకుంటుందని పద్మజ ఎప్పుడో చెప్పింది. పదకొండు గీతలు, ఆయన వేలి గుర్తులు. ఆమె వచ్చింది, కూర్చుంది, అలవాటు కొద్దీ ముందుగా ఆ నల్ల కిటికీని మూసి మళ్లీ తెరిచింది. గుర్తులు పోయాయి. తడి గట్టు మీది అడుగులను వాన కడిగేసినంత సులువుగా పోయాయి.

"సర్వరుకు ముప్పై ఆరు పంపిన, ముప్పై ఆరూ మంచియే అన్నది," పద్మజ తనలో తాను మాట్లాడుకుంటోంది, "ఒక్కదాన్ని గూడ కాదనలె. తప్పుడువి యాడ పోయినయి మరి?"

తప్పుడువి. యాడ పోయినయి అంటోంది. అంటే వాటిని వెతుకుతోంది. అంటే అవి ఉండాలి.

కంప్యూటరు లోపల పంకా తిరుగుతున్న చప్పుడు. ఎండాకాలంలో దాన్ని గద్వాల నుంచి షేర్ ఆటోలో తెచ్చిన రోజు, దున్నపోతు తలకాయంత తెరను ఒళ్లో పెట్టుకొని గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొట్టకు అదుముకుంటే, పక్కన కూర్చున్న ముసలామె, "ఏమయ్యా, నిండు చూలాలి లెక్క పట్టుకుంటివి," అన్నది. ఆటో అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత ఒక ముసురు మధ్యాహ్నం పద్మజ పిలిచి, "నాయినా, ఈడ నొక్కు," అన్నది. నొక్కాడు. తెల్లని తెర మీద అక్షరాలు వచ్చాయి. 'ఆ, ఉన్నాను. ఏం కావాలె?' ఎవరు? ఎక్కడ నుంచి? ఇంటికి ఫోను తీగ లేదు. ఊరి బయటి స్తంభం నుంచి కరెంటు తీగ ఒక్కటే ఇంట్లోకి వస్తుంది, అందులో ఎవరో కూర్చొని వచ్చారా?

"ఎవ్వరు?" అన్నాడు.

"మన సర్వరు నాయినా. నేను చేసిన."

"యాడున్నది?"

"ఈ డబ్బలనే."

"అడిగింది?"

"అది గూడ ఈ డబ్బనే."

అడిగేదీ అదే, పలికేదీ అదే. తన ఇంటి తలుపు తానే తట్టి, లోపలికి పరుగెత్తి, తానే తలుపు తీసి, వచ్చిందెవరో కొత్తవాళ్లయినట్టు ఏం కావాలె అనడం. పత్తి పువ్వూ అంతే కదా. ఒకే పువ్వులో ఆడా, మగా. గాలి రావద్దు, తేనెటీగ రావద్దు, తనలో తానే పిలుచుకొని తానే పలికి కాయ కడుతుంది. ఆ పువ్వునే గదా తాము సాయంత్రాలు చీల్చి, పిలిచేదాన్ని, పలికేదాన్ని విడదీసి, ఎర్ర కాగితం కప్పి వస్తున్నది. ఇరవై ఏళ్లు చీల్చాడు గాని, అది ఎంత పెద్ద సంగతో ఈ డబ్బా పలికే దాకా ఆయనకు తోచలేదు.

"బయటోళ్లు అడిగితే?" అన్నాడు ఆ రోజు.

"బయటోళ్లకు వినవడది. ఇది మనింట్ల పరీక్షకే. ఎనబై ఎనబై అని ఒక తలుపు నంబరు పెట్టిన, దాని కాడ చెవి పెట్టి కూసుంటది. అడిగితే ఇస్తది. ఇచ్చి మళ్ల చెవి పెడతది. తప్పులన్నీ ఈడనే చెయ్యాలె, ఈడనే దొరకవట్టాలె. అంత సక్కగయితె అప్పుడు పెద్ద సర్వరు మీద పెడతరు, లోకమంత చూస్తది."

"ఎంతసేపు కూసుంటది గట్ల?"

"మనం ఆపే దాక."

అది ఆయన మనసులో ఉండిపోయింది. చేనులో పని చేస్తూ అనుకునేవాడు. ఇప్పుడు ఇంట్లో, తాళం వేసిన గదిలో, ఎవరూ లేనప్పుడు, అది చెవి పెట్టి కూర్చొని ఉంటుంది. విసుగు లేదు, కునుకు లేదు. ఎవరూ అడగకపోయినా సరే. ఒకసారి మంచినీళ్ల కోసం ఇంటికి వచ్చి ఆ గది తలుపు దగ్గర చెప్పులు విడిచాడు, ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు. విత్తనాల గదిలోకి ఎప్పుడూ చెప్పులతోనే పోయే మనిషి. భార్య భీమమ్మ చూసింది, మరునాటి నుంచి ఆమె కూడా విడిచింది.

తప్పులన్నీ ఈడనే చెయ్యాలె. ఆ రోజు విన్నాడు, తల ఊపాడు, అర్థమైందనే అనుకున్నాడు. సీడు కంపెనీ వాళ్లు చేసేదీ అదే కదా. రైతు ఇచ్చిన సంచిలో నుంచి గుప్పెడు తీసుకొనిపోయి, తమ మడిలో నాటి, మొలిచి పూసేదాకా చూస్తారు. అందులో జాతి నిలబడితేనే సంచి లోకానికి పోతుంది. జీవోటీ అంటారు దాన్ని. బిడ్డ చేసింది కూడా జీవోటీ మడి అని పోల్చుకున్నాడు. పోల్చుకొని అక్కడ ఆగాడు. ఆ మడిలో తప్పుడు విత్తనం కూడా కావాలని నాటుతారని, నాటి, ఈ మడి దాన్ని పసిగడుతుందా లేదా అని చూస్తారని ఆయనకు తోచలేదు. ఇరవై ఏళ్ల అలవాటు తోచనియ్యలేదు. చేతులకు వాటి తెలివి వాటికి ఉంటుంది, మనిషిని అడగవు.

పద్మజ ఇప్పుడు తువ్వాల లాగి పారేసింది. తడి జుట్టు వీపు మీద పడి జాకెట్టు తడిసిపోతోంది, చూసుకోవడం లేదు. "పొద్దుగాల లేసి మార్చినదాంట్లనే యాడనో తప్పువడ్డది," అంటోంది. "తప్పొస్తె తప్పని చెప్పుమంటె, చెప్పకుంట మింగుతున్నది. ఇది మహా చెడ్డది. కాదన్నా మంచిదే, ఆగిపోయినా మంచిదే. చూసి గూడ చెప్పకుంట మింగేదాన్ని ఎవ్వలు నమ్ముతరు?"

ఆమె డబ్బాను అంటోంది. కృష్ణయ్య సంచి మీద కదిలాడు, లోపల విత్తనాలు గరగరమన్నాయి.

ఆరేళ్ల కింద. గట్టు మీద నడుస్తున్నాడు, గట్టుకు ఇవతల తనది, అవతల చోటే మియాది. పొద్దు వాలుతోంది. చూపు ఊరికే అటు పోయింది, పోయి తట్టుకుంది. గట్టు నుంచి నాలుగో సాలు. మూడు చెట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఆకు మిగతావాటికన్నా లోతుగా చీలి, పూరేకు అడుగున ఎర్ర మచ్చ. చోటే మియా జాతి కావవి. గట్టు దిగి పీకడానికి ఒక అడుగు కిందికి వేశాడు కూడా. వేసి, ఆగాడు. పక్కవాడి చేను. పక్కవాడి కళ్లు. చూసుకోడా ఏమిటి, రేపు చూసుకుంటాడు. నీ చేనులో కల్తీ ఉందని మొగోని మొహం మీద ఎట్లా అంటారు? చోటే మియా అప్పుడే దూరం నుంచి చెయ్యి ఊపాడు, "కిష్టన్నా, చాయ్ తాగుదం రా!" అన్నాడు. పోయి తాగాడు. చక్కెర ఎక్కువైంది ఆ చాయ్‌లో, ఇప్పటికీ నాలుకకు తెలుసు. ఆ పెరుగుతున్న చీకట్లో ఇద్దరూ చేను వైపే చూస్తూ కూర్చున్నారు, చోటే మియా ఏవో కబుర్లు చెప్పాడు, ఈయన విన్నాడు, ఎప్పుడూ వినేవాడే. మాఘంలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. జీవోటీ పోయింది. సంచులు తిరిగి వచ్చిన రోజు బండి మీద నుంచి దింపడానికి కృష్ణయ్య కూడా భుజం పట్టాడు. ఒక్కొక్క సంచి దించుతూ చోటే మియా, "యాడ తప్పు వడ్డదో అల్లాకే తెల్వాలె అన్నా," అన్నాడు. ఇంకొకరికి కూడా తెలుసు. ఆ ఇంకొకడు సంచి కింద వంగి ఉన్నాడు.

ఏడున్నర. వంటింట్లో భీమమ్మ జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు, తప తప తప, మధ్యలో పెనం మీద వేసినప్పుడు ఒక నిశ్శబ్దం, మళ్లీ తప తప. బయట తుంపర ఆగినట్టుంది, చూరు నుంచి కారే చుక్కల మధ్య దూరం పెరుగుతోంది. అటు చేనులో మొగ్గలు. ఇటు బిడ్డ.

"ఇగ కాదు," అన్నది పద్మజ. "కొత్తది మొత్తం తీసేస్త. పాతదే పట్కపోత."

పాతది. ఆయనకు తెలుసు పాతదాని సంగతి, పోయినసారి ఆగిపోయింది అదే. ఒకరు అడుగుతుంటే రెండోవాళ్లు వస్తే దానికి దిక్కు తోచేది కాదు, ఇద్దరికీ జవాబు లేక నిలబడిపోయేది. మూడు వారాలు కూర్చొని ఈ కొత్తదానికి నేర్పింది, ఎంతమంది ఒక్కసారి అడిగినా ఒక్కొక్కరికీ ఒక్కొక్క మనిషిని పంపినట్టు పంపడం. అది నేర్చిన రోజు ఆమె అరిచిన అరుపుకు పెరట్లో కోళ్లు లేచాయి. దాన్ని తీసేస్తానంటోంది. నున్నగా, జాతిగా నిలబడ్డ చెట్టును కల్తీ అనుకొని పీకబోతోంది. వేరు దగ్గర చెయ్యి పడింది. తాను గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక అడుగు కిందికి వేసి.

"పద్మా."

"జర ఉండు నాయినా."

"పద్మా."

రోజుకొక్కసారైనా పిలవని తండ్రి రెండుసార్లు పిలిచేసరికి ఆమె తెర మీద నుంచి తల తిప్పింది.

"మింగింది అది కాదు. నేను."

"ఏంది?"

"నువ్వు స్నానానికి పోతివి గద. చూస్తుంటే అండ్ల కల్తీలు కనవడ్డయి. పీకేసిన."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. చూసి, ఆ వేళ్ల వైపు చూసింది. నోరు తెరిచింది, నవ్వు వచ్చింది, అది మధ్యలోనే ఏడుపయింది. "అవి కావాల్నని పెట్టిన నాయినా! తప్పుడువే నాకు కావాలె. తప్పులు కండ్ల ముందర పెడితె ఇది కాదంటదా లేదా అనే గద పరీక్ష! ఆలోచించి ఆలోచించి పెట్టిన, యాడ గూడ రాసి పెట్టుకోలె. ఇప్పుడన్ని ఎట్ల యాదికి తెచ్చుకోవాలె?"

వంటింట్లో నుంచి భీమమ్మ గొంతు వచ్చింది, రొట్టె చప్పుడు ఆగకుండానే. "మాడిన రొట్టె అంచు సుత తుంచి పక్కకు పెట్టే మనిషి బిడ్డా ఆయన! ఇన్నేండ్లయె, నన్నెప్పుడు ఏరి గట్టు మీద పారేస్తడో అని చూస్తున్న!"

"రాస్కో," అన్నాడు కృష్ణయ్య.

"ఏం రాసుకోవాలె?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. పట్టిక చేనులా పరుచుకుంది. సాలు సాలూ నిలబడి ఉన్నాయి. పీకిన చెట్టు ఉన్న జాగా ఏ రైతుకూ మరుపురాదు, నాలుగు నెలల తర్వాత కూడా ఆ ఖాళీ దగ్గరికి పోగానే కాలు తెలుసుకుంటుంది. ఇవి గంట కింద పీకినవి, మట్టి ఇంకా తడి ఆరలేదు. "పైకెళ్లి నాలుగోది. హన్మంతు. బల్మూరు. ఎకరాలు రెండు, ముందర అడ్డగీత." మెడ నరం లాగింది, ఇంత మాట్లాడి ఎన్నాళ్లయిందో. "తొమ్మిది. పేరు కాడ ఏం లేదు, ఊరు అలంపూరు. పదకొండు. ఇర్ఫాను, విత్తింది ఫిబ్రవరి ముప్పై." పద్మజ చేతులు అక్షరాల మీద పరుగెత్తుతున్నాయి, ఏడుపు ఆగిపోయింది. "పద్నాలుగు, ఆడసాళ్లు సున్న, మగసాళ్లు నాలుగు నూర్లు, పేరు కాంతమ్మ. పద్దెనిమిది, మున్నీబీ, విత్తింది జూను పది, క్రాసింగు అదే యేడు మే." ఒక్కొక్కటి దానంతట అదే పైకి వస్తోంది, వాన పడ్డాక గడ్డి మొలకెత్తినట్టు. "ఇరవై మూడు. పేరు కాడ రెండు కొడవండ్లు. ఇటు తిరిగిందొకటి, అటు తిరిగిందొకటి. నడుమ ఇంగ్లీషు. ఎస్, సీ, ఆర్, ఐ, పీ, టీ."

పద్మజ చేతులు ఆగాయి. "గది గూడ యాదుందా నీకు?"

"కొడవండ్లు గద," అన్నాడు.

ఇరవై తొమ్మిది, ముప్పై మూడు, ముప్పై ఏడు, నలభై ఒకటి. తొమ్మిది వేల ఎకరాల యోహాను. పేరు బదులు ఒకటి రెండు మూడు నాలుగు. ఊరు కాడ ఏం లేనిది. చంద్రుడు. చివరిది చెప్పేముందు ఒక్క క్షణం జాగా దొరకలేదు, కాలుతో తడిమినట్టు తడిమాడు, దొరికింది. నలభై నాలుగు, అదే ఇందిరమ్మ, అదే ఊరు, అదే చేను, పైన ఒకసారి ఉన్నదే రెండోసారి. "పదకొండు," అని కళ్లు తెరిచాడు. గడియారం ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువ.

పద్మజ నొక్కింది. కృష్ణయ్య లేచి నిలబడ్డాడు, ఎవరో పెద్దమనిషి ఇంట్లోకి వస్తున్నట్టు. నల్ల కిటికీలో తెల్ల గీతలు పుట్టసాగాయి, ఒకటి, ఒకటి, గుంపుగా పది, తెల్లవారుజామున కొంగలు మడిలో వాలినట్టు. పట్టికలో ఒక్కొక్క గీత పక్కన మాట పడుతోంది. తీసుకున్నాను. తీసుకున్నాను. తీసుకున్నాను. నాలుగో గీత దగ్గర అది ఆగలేదు, తడబడలేదు, మొహమాటపడలేదు. 'తీసుకోను. ఎకరాలు సున్నా కన్నా తక్కువ ఉండవు.' తీసుకున్నాను, తీసుకున్నాను. 'తీసుకోను. పేరు లేదు.' కోపం లేదు ఆ మాటలో, చులకన లేదు. చూసింది, చెప్పింది. చెప్పి మళ్లీ చెవి పెట్టి కూర్చుంది. ఎవరి చేను అని అడగలేదు, మొహం ఎట్లా చూడాలి అనుకోలేదు, రేపు చెబుదామనుకోలేదు. తమ విత్తనాల గదిలో, మందు డబ్బా పక్కన, మొన్న ఎండాకాలం ఆటోలో గుంత గుంతకూ అదిరిన డబ్బాలో, తన బిడ్డ చేతుల కింద, ఇట్లాంటిది ఒకటి పుట్టింది. దీన్ని ఇంకా లోకం చూడలేదు. ఇప్పటికి చూసింది తామిద్దరే. కొడవళ్ల దగ్గరికి వచ్చింది, దాన్నీ వద్దన్నది. చంద్రుడు అనే ఊరు లేదన్నది. ఇందిరమ్మ చేను ముందే ఉన్నదన్నది. అడుగున లెక్క పడింది. తీసుకున్నవి ముప్పై ఆరు, కాదన్నవి పదకొండు.

"నలబై ఏడు," అన్నది పద్మజ మెల్లగా. తండ్రి చెయ్యి పట్టుకొని, ఆ బొటనవేలి గోటిని, మొగ్గలు చీల్చి చీల్చి పచ్చబడి గట్టిపడ్డ గోటిని, చంటిపిల్లలు చూసినట్టు తిప్పి తిప్పి చూసింది. "నీ అంత కండ్లు దీనికి రావు నాయినా."

ఆయన తెరను చూపించి, "ముందు అది దాచుకో," అన్నాడు. వేలెడంత పుల్ల ఒకటి డబ్బాకు గుచ్చి మొత్తం అందులోకి పంపింది. పంపడం అయిందో లేదో కరెంటు పోయింది. కింద పెట్టిన బ్యాటరీ కుయ్యి కుయ్యి మన్నది. ఆమె నల్ల కిటికీని మూసి, కంప్యూటరును ఆపింది. ఇక అది చెవి పెట్టి కూర్చోవడం లేదు. పంకా చప్పుడు ఆగి, ఇల్లంతా ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

వాకిట్లో ఎండ పడింది. చోటే మియా మోటారుసైకిలు నిలబెట్టి, తడి చెప్పులు విదిలిస్తూ వచ్చాడు.

"ఏం బిడ్డా, నీ సర్వరు ఏమన్నది?"

"కాదన్నది చిచ్చా!" పద్మజ మొహం వెలుగుతోంది.

"కాదన్నదా? మరి సంబురమేంది?"

"కాదనాల్నే. పదకొండు మాట్ల కాదన్నది!"

"మా ఇంటామె రుబీనా రోజుకు ముప్పై మాట్లు కాదంటది, మాకు సర్టిఫికెట్ ఎవ్వలియ్యరు," అని కూర్చున్నాడు. భీమమ్మ నవ్వి చాప పరిచింది. పూల తడి ఆరడానికి ఇంకో పావుగంట పడుతుంది, అంతలో రెండు ముద్దలు తిని పోండని నాలుగు పళ్లేలు పెట్టింది. వేడి జొన్నరొట్టెలు, పుంటికూర, పల్లీల పొడి. కృష్ణయ్య రొట్టె అంచు మాడిన చోట తుంచి పళ్లెం పక్కకు పెట్టాడు. ఇంకా తినలేదు. నోటి నుంచి పదకొండు వచ్చిన దారి ఇంకా మూసుకోలేదు, ఆ దారిలో ఇంకొకటి నిలబడి ఉంది, ఆరేళ్లుగా.

"చోటే."

"చెప్పన్నా."

"నీ జీవోటీ పోయిన యేడు. గట్టుకెళ్లి నాలుగో సాలు. మూడు చెట్లు. పూరేకు కింద ఎర్రమచ్చ. నేను చూసిన. చెప్పలే."

భీమమ్మ చేతిలో గరిటె ఆగింది. పద్మజ తల ఎత్తలేదు. చోటే మియా కృష్ణయ్య వైపు చూశాడు, చాలాసేపు, ఎదుటి గట్టు మీద నిలబడ్డ మనిషి ఎవరో గుర్తుపట్టడానికి చూసినట్టు. నాలుగో సాలు దాకా మనసులో నడిచిపోయినట్టున్నాడు.

"మూడా?" అన్నాడు.

"మూడు."

చోటే మియా రొట్టె తుంచాడు. పద్మజ తుంచింది. భీమమ్మ తన పళ్లెం ముందుకు జరుపుకుంది. నలుగురూ తింటున్నారు, నమిలే చప్పుడు, చూరు నుంచి ఆఖరి చుక్కలు. చోటే మియా చెయ్యి చాపాడు. కృష్ణయ్య పళ్లెం పక్కన, ఆయన ఏరి పెట్టిన మాడిన అంచును తీసుకున్నాడు, దాన్ని పుంటికూరలో అద్దుకున్నాడు, తిన్నాడు.